కందిగింజంత పేస్టు

ప్రశ్న అడిగినవాళ్ళ చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టడం యాకోబు మాస్టారికి అలవాటు. అడిగింది కంప్యూటర్ గురించైనా, కాపురం గురించైనా ఆయన పద్ధతి మారేది కాదు. ఎదురుగా ఏ యంత్రం ఉంటే దాన్ని చూపించి "విప్పు" అనేవారు. విప్పడం పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరు తామేం అడిగారో మర్చిపోయేవారు. ఇంకొందరు ఈయనతో లాభం లేదని సగంలో లేచి మెట్లు దిగిపోయేవారు. ఆయన ఎవరినీ ఆపలేదు. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు కలిపి, ఆ తరవాత ఒంగోలులో ఒక మేడ మీద కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకున్న మనిషి ఆయన. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఆయన్ని మాస్టారనేవారు. ఊరు కూడా అలాగే పిలిచేది.

ఆ సంవత్సరం ఆయన దగ్గర ఉన్న శిష్యురాలు నాగసుధ. వయసు ఇరవై నాలుగు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, వీడియోలు చూసి సగం పని సొంతంగా నేర్చుకుని, మిగతా సగం కోసం మాస్టారి మెట్లెక్కింది. లెక్కల్లో పాదరసం. ఫ్యాను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చప్పుడు విని చెప్పేస్తాననేది, చాలాసార్లు దగ్గరదగ్గరగానే చెప్పేది. ఆ బుధవారం పొద్దున పదిన్నరకి ఆమె ఒక సీపీయూను చంటిపిల్లలా ఎత్తుకుని పైకొచ్చింది. బల్ల మీద దించి, చెమటైనా తుడుచుకోకుండా అడిగింది.

"మాస్టారూ, ఇద్దరి మధ్య మాట మోసేవాళ్ళు ఎంత చెప్పాలి?"

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకున్నారు. "ఎవరా ఇద్దరు?"

"మా నాన్న, మా అన్నయ్య."

కథ మాస్టారికి కొంత తెలుసు. సుధ తండ్రి వెంకటరత్నం ముప్పై ఏళ్ళుగా ఫోటోగ్రాఫర్. కొడుకు శ్రీకర్ ఆయనతోపాటే స్టూడియో నడుపుతూ ఆల్బంలు తయారు చేస్తాడు. ఎనిమిది నెలల కిందట ఒక ఓణీల ఫంక్షన్‌లో వెంకటరత్నం తీసిన ఫోటోలు వరసగా మసకగా వచ్చాయి. ఆయన కంట్లో శుక్లం ముదిరిందని అప్పటికి ఎవరికీ తెలియదు. వచ్చిన చుట్టాలందరి ముందూ శ్రీకర్ ఆయన చేతిలో కెమెరా లాక్కుని, "నువ్వు కూర్చో నాన్నా, నీకు కనపడటం లేదు" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కెమెరా ముట్టలేదు, స్టూడియో గడప తొక్కలేదు, కొడుకుతో మాట్లాడలేదు. కొడుకు కూడా కొన్నాళ్ళు చూసి, స్టూడియో వెనక గదిలోకి పక్క మార్చుకున్నాడు. ఇంటికీ స్టూడియోకీ మధ్య అన్నం డబ్బా, ఆల్బంలు, మాటలు అన్నీ మోసింది సుధే.

మాస్టారికి తెలియనిది ఆ మాటలు ఎలా మోసిందన్నది. అది ఇప్పుడు చెప్పింది. ఆల్బం చూసి నాన్న "రంగులు ఎక్కువయ్యాయి" అంటే, అన్నయ్య దగ్గరకెళ్ళి "నాన్నకి చాలా నచ్చింది అన్నయ్యా, రంగులు కాస్త తగ్గిస్తే ఇంకా అందంగా ఉంటుందట" అనేది. అన్నయ్య "సరే, తగ్గిస్తాలే" అంటే, ఇంటికొచ్చి "నాన్నా, నీ కన్ను పడితేగానీ పని పూర్తయినట్టు ఉండదంటున్నాడు అన్నయ్య" అనేది. రోజుకి అయిదారు మాటలు, ఎనిమిది నెలలు. వెయ్యి దాటి ఉంటాయని లెక్క కట్టింది. ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్టు మొయ్యలేదు. చెడు కలపలేదు, మంచే కలిపింది. అయినా ఇద్దరూ దగ్గరవలేదు సరికదా, ఇప్పుడు ఎవరి మాటా ఎవరూ నమ్మడం లేదు.

"ఎల్లుండి శుక్రవారం నాన్నకి కంటి ఆపరేషన్ మాస్టారూ. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. ఇక ఆలస్యం చేస్తే చూపు గ్యారంటీ లేదన్నాడు డాక్టరు. నిన్న అన్నం తింటూ తింటూ, నా వైపు చూడకుండా ఒక మాటన్నాడు. 'శుక్రవారం వాడు వస్తాడా?' అని."

"మంచి మాటే. నువ్వేం చెప్పావు మీ అన్నయ్యకి?"

సుధ తల దించుకుంది. "నాన్న నీకోసం బెంగపెట్టుకున్నాడు, నువ్వు పక్కన లేనిదే ఆపరేషన్ బల్ల ఎక్కనంటున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు అని చెప్పాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. 'నాన్నా? కన్నీళ్ళా? ఏ సీరియల్లో చూశావే సుధా?' అన్నాడు. నిజంగా అడిగాడని ఒట్టేసినా నమ్మలేదు. నేనేమో ఇంటికొచ్చి నాన్నతో, అన్నయ్య తప్పకుండా వస్తానన్నాడని చెప్పాను. నాన్న నా మొహంలోకి కాసేపు చూసి, 'వాడన్నాడా, నువ్వంటున్నావా?' అని అడిగాడు. పొద్దున లేవగానే, ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంకో నెలకి మార్చమని నాకు చెప్పేశాడు. సాయంత్రం అయిదింటిలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యమన్నారు ఆసుపత్రివాళ్ళు." ఆమె అప్పుడు చెమట తుడుచుకుంది. "ఇంకెంత చెప్తే నమ్ముతారు మాస్టారూ?"

మాస్టారు బల్ల మీది సీపీయూ వైపు చూశారు. "అదెవరిది?"

"మా స్టూడియోదే. ఆల్బం పని మొదలెట్టిన నాలుగు నిమిషాలకే ఆగిపోతోంది. అన్నయ్య మూడున్నరకి వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"విప్పు" అని ఆయన స్క్రూడ్రైవర్ అందించారు.

సుధ ఇది ముందే ఊహించింది. అయినా ఉక్రోషం వచ్చింది. "నేనడిగింది కంప్యూటర్ గురించి కాదండీ. అయిదింటికి ఫోన్ చెయ్యాలి నేను!"

"ఖాళీగా కూర్చున్నవాళ్ళకి అయిదు ఇంకా తొందరగా అవుతుంది. విప్పే ముందు ఒకసారి నడిపించు. ఎంత కాలుతోందో చూద్దాం."

నడిపింది. ప్రాసెసర్ వేడి తెర మీద అంకెల్లో ఎక్కుతూ పోయింది. ఎనభై, తొంభై, తొంభై ఎనిమిది డిగ్రీలు. నాలుగో నిమిషంలో తెర నల్లబడింది. ఫ్యాను తిరుగుతోంది, దుమ్ము లేదు. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేసుకునే కూలరును ముట్టుకుంటే మాత్రం గోరువెచ్చగా ఉంది. కింద నిప్పు, పైన చలికాచుకునేంత వేడి కూడా లేదు. రెంటి మధ్యా ఏదో అడ్డుపడుతోందని సుధకి అప్పుడే అర్థమైంది. కిందిదాని వేడిని పైదానికి దాటించడానికి వాటి మధ్య పూసేది ఒక పేస్టు.

"దీనికి పేస్టు ఎన్నిసార్లు పెట్టావు?" అన్నారు మాస్టారు.

"మూడుసార్లు. వేడెక్కుతోందని అన్నయ్య అన్నప్పుడల్లా కూలరు తీసి ఒక పట్టు వేశాను."

"పాతది తుడిచావా?"

"తుడిస్తే ఉన్న కాస్తా పోతుందేమో అనిపించింది."

"ఎంత పెట్టావు?"

"మా సొంత మిషను కదండీ. పొదుపు చెయ్యలేదు."

మాస్టారి మీసం కింద నవ్వు కదిలి మాయమైంది. వేడి మీద ఉండగానే తియ్యమన్నారు. చల్లారాక లాగితే ఎండిన పేస్టు ప్రాసెసర్ని కూడా పట్టుకుని పైకి వచ్చేస్తుందని హెచ్చరించారు. సుధ స్క్రూలు వదులు చేసి, కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఊడదీసింది. తిరగేసి చూసేసరికి తనకే సిగ్గేసింది. అడుగున ఎండి బిళ్లకట్టిన తెల్ల పొర, దాని మీద పుట్టీలాంటి బూడిదరంగు పొర, ఆపైన ఇంకా తడి ఆరని మూడోది. అంచుల నుంచి కారి మదర్‌బోర్డు మీద కూడా చారలు కట్టింది. గోటితో గీసి చూసింది. తేలిగ్గా ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది.

"కంప్యూటర్ బాగుచేశావా, పండక్కి ఇంటికి సున్నం కొట్టావా అమ్మాయ్?" అన్నారు మాస్టారు. తరవాత వేలితో పొరలు చూపిస్తూ అడిగారు. "ఈ అడుగుది మంచి పేస్టేనా?"

"మంచిదేనండీ."

"మధ్యది?"

"అది ఇంకా మంచిది."

"పైది?"

"మన షాపులో ఉన్నవాటిలో దానికి మించింది లేదండీ."

ఆయన స్పిరిట్ సీసా, కళ్ళజోడు తుడిచే గుడ్డ ఒకటి ఆమె ముందుకు జరిపి, తన పనిలో పడ్డారు.

తుడవడానికి నలభై నిమిషాలు పట్టింది. పై పొర గుడ్డకి అంటుకుని సుళువుగా వచ్చేసింది. మధ్యది బతిమాలించుకుంది. అడుగుది మాత్రం స్పిరిట్‌లో నానబెట్టి, ప్లాస్టిక్ ముక్కతో అంగుళం అంగుళం గీకితేగానీ వదల్లేదు. అది గీకుతుంటే సుధకి ఎనిమిది నెలల కిందటి మొదటి రోజు గుర్తొచ్చింది. ఆ రాత్రి అన్నయ్య "తప్పు చేశానే" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రెండు మాటలూ చిన్నవిగా అనిపించి, వాటిని నాన్న దగ్గరకి ఒక ఉపన్యాసంగా మార్చి తీసుకెళ్ళింది. నాన్న వింటూ వింటూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రెండే చెప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. గుడ్డ మడత మార్చుకుని మళ్ళీ తుడిచింది. ప్రాసెసర్ మీద అక్షరాలు కనిపించాయి. కూలరు రాగి అడుగు అద్దంలా మెరిసింది. అందులో ఆమె మొహం కనిపించింది, కొంచెం ఎర్రగా.

అద్దంలాంటి ఆ రెంటినీ చూసేసరికి ఆమె బుర్రలో అంకెలు లేచాయి. "మాస్టారూ, అసలు పేస్టే పెట్టకపోతే?"

"ఎందుకని?"

"లెక్క చూడండి. వేడిని మోసే శక్తి రాగికి నాలుగు వందలు. ఈ పేస్టుకి అయిదు. అంటే రాగి కంటే ఎనభై రెట్లు తక్కువ. రెండు లోహాలు తమంతట తాము ఆనుకుంటే సరిపోయేదానికి ఇంత చేతకానిదాన్ని మధ్యలో పెట్టడం ఎందుకు?" మాటల్లో వేడి పుట్టింది. "మధ్యలో ఉండటమే తప్పండీ. ఇవాళ్టి నుంచి నేనూ ఉండను. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. కలిస్తే కలుస్తారు, లేకపోతే లేదు."

మాస్టారు వాదించలేదు. "పెట్టకుండానే బిగించు."

సుధ ఒట్టి లోహం మీద ఒట్టి లోహాన్ని కూర్చోబెట్టి గట్టిగా బిగించి ఆన్ చేసింది. అంకెలు ఈసారి ఎక్కలేదు, ఎగిరాయి. యాభై రెండో సెకనుకి నూరు డిగ్రీలు ముట్టి యంత్రం తనంతట తానే ఆగిపోయింది. మూడు పొరల సున్నంతో నాలుగు నిమిషాలు నడిచిన మిషను, ఏమీ లేకుండా ఒక్క నిమిషం కూడా నడవలేదు.

"కూలరు తీసి, దాని అడుగున ఈ స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి, కిటికీ వైపు పెట్టి చూడు" అన్నారు మాస్టారు.

చూసింది. అద్దంలా నున్నగా ఉందనుకున్న రాగికీ స్కేలుకీ మధ్య, నడిమిన, వెంట్రుకంత సన్నని వెలుగు గీత ఒకటి కనిపించింది. ప్రాసెసర్ మీద నిలబెట్టి చూసినా అంతే. పైకి ఎంత నున్నగా కనిపించినా దేని గుంతలు దానికి ఉన్నాయి. ఆ గుంతల్లో గాలి ఉంది. గాలి వేడిని మోసే శక్తి ఎంతో సుధకి వేరే చెప్పనక్కర్లేదు. పేస్టులో నూట యాభయ్యో వంతు కూడా ఉండదు. లెక్కంతా సరిగ్గానే చేసి, గాలిని మాత్రం వదిలేసింది.

"ఎంత పెట్టమంటారు?" అని అడిగింది నెమ్మదిగా.

"గుంతలు నిండేంత."

ఆమె ట్యూబు తీసుకుని ప్రాసెసర్ నడిమధ్యన కందిగింజంత చుక్క పెట్టింది. చెయ్యి అలవాటు కొద్దీ ఇంకొంచెం నొక్కబోయింది. తనే ఆపుకుంది. చుక్కని వేలితో పులమాలనిపించింది, అదీ మానుకుంది. కూలరు దించి, ఒక మూల అర చుట్టు, దాని ఎదురు మూల అర చుట్టు, అలా నాలుగు మూలలూ సమంగా బిగించుకుంటూ వచ్చింది. ఒకే మూల పూర్తిగా బిగిస్తే ఎదుటి మూల లేస్తుందని ఆమెకి తెలిసిందే. అయితే ఇవాళే మొదటిసారి తెలుస్తున్నట్టు చేసింది. ఆన్ చేసి ఆల్బం పని మొదలెట్టించింది. యాభై, అరవై, అరవై ఏడు. అక్కడ నిలిచింది. పది నిమిషాలు, ఇరవై అయిదు నిమిషాలు, అరవై ఏడే. కూలరును ముట్టుకుంటే ఈసారి చెయ్యి చురుక్కుమంది. వేడి దాటుతోంది.

మూడున్నరకి శ్రీకర్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా గుండీ ఒకటి లేదు. "నమస్తే మాస్టారూ" అని, చెల్లెలి వైపు తిరిగి, "ఏమైందే? బతికిందా, కర్మకాండ చెయ్యాలా?" అన్నాడు.

"బతికింది. తప్పు నాదే అన్నయ్యా. పాతది తుడవకుండా మళ్ళీ మళ్ళీ పెట్టాను."

తప్పు ఒప్పుకునే రకం కాదు సుధ. శ్రీకర్ ఆమెని ఒకసారి తేరిపార చూసి, సీపీయూ ఎత్తుకోబోయాడు. సుధ పేస్టు అంటిన చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"అన్నయ్యా, నిన్న నేను చెప్పింది నిజం కాదు. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. బల్ల ఎక్కనని కూడా అనలేదు."

"తెలుసు."

"అన్నం తింటూ ఒక్క మాటన్నాడు. 'శుక్రవారం వాడు వస్తాడా?' అన్నాడు."

శ్రీకర్ ఆగాడు. మిగతాది కూడా వస్తుందని ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు. సుధ నోటిలోకి చాలా వచ్చాయి. నాన్న ముద్ద కలుపుతూ ఆగిపోయాడనీ, పప్పు గిన్నెకి బదులు మంచినీళ్ళ చెంబు మీద చెయ్యి వేశాడనీ, ఈ మధ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడనీ. అన్నీ నిజాలే. ఒక్కటీ చెప్పలేదు.

"అంతేనా?" అన్నాడు శ్రీకర్.

"అంతే."

"'వాడు' అన్నాడా?"

"'వాడు' అనే అన్నాడు."

శ్రీకర్ మొహంలో ఏదో బిగువు సడలింది. తండ్రి గొంతు అచ్చంగా వినపడినట్టు సీపీయూ మీది చెయ్యి తీసేశాడు. "ఎన్నింటికట?" అన్నాడు.

పొద్దున ఏడింటికి. ఆ అంకె సుధ నాలిక చివరన ఉంది. "నాన్నకి తెలుసు" అంది.

అతను సీపీయూ భుజాన పెట్టుకుని మెట్లు దిగాడు. సుధ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద శ్రీకర్ సీపీయూను స్కూటరు ముందు పెట్టుకుని, స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు, చూశాడు, మళ్ళీ లోపల పెట్టేశాడు. స్టూడియోకి వెళ్ళాలంటే కుడికి తిరగాలి. స్కూటరు ఎడమకి, ఇంటి వైపు తిరిగింది.

సుధ గబగబా తన ఫోను అందుకుంది. "మాస్టారూ, అన్నయ్య ఇంటికి వెళ్తున్నాడు! నాన్నకి ముందే చెప్పి ఉంచాలి. ఏమీ అనొద్దని, తలుపు తియ్యగానే కాస్త నవ్వుతూ..."

మాస్టారు బల్ల మీద ఇంకో సీపీయూ మూత బిగిస్తున్నారు. తలెత్తలేదు.

"బిగించాక, లోపల ఎలా పరుచుకుందోనని ఎత్తి చూడకూడదమ్మాయ్. ఎత్తితే మళ్ళీ మొదటి నుంచి తుడుచుకోవాల్సిందే."